పది నెలల కోసం సెకండ్ హ్యాండ్ కారు: పటమట నుంచి నూజివీడు, బడ్జెట్ రెండు లక్షలు

పటమట పంతులమ్మ
9 నవంబరు 2025, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు.

నూజివీడులో ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద ఫిజిక్స్ చెబుతాను. ఉండేది విజయవాడ పటమటలో. మొన్నటి దాకా స్కూటీ మీద గన్నవరం వెళ్లి, తెలిసినవాళ్లింటి ముందు బండి పెట్టి బస్సెక్కేదాన్ని. దసరా సెలవుల్లో నడుం పట్టేసింది. స్కానింగ్ తీస్తే డిస్కు ఉబ్బిందన్నారు. టూవీలరు ముట్టుకోవద్దు, బస్సులో నిలబడొద్దు అని డాక్టరు గారి ఆర్డరు. మా కాలేజీ వేళకి వచ్చే బస్సులో సీటు దొరికిందంటే పొద్దున్నే ఎవరి మొహం చూశానో గుర్తు తెచ్చుకోవాలి.

కాంట్రాక్టు వచ్చే ఆగస్టు దాకా. తర్వాత మావారి దగ్గరికి బెంగళూరు వెళ్లిపోతాను, అక్కడ ఆయనకి కారుంది. అంటే నాకు కావాల్సింది పది నెలలకే. ఆదివారాలు, సెలవులు పోను నెలకి 24 రోజులు, రోజూ రానూపోనూ 90 కిలోమీటర్లు. ఆగస్టులో అమ్మేస్తాను.

చేతిలో ఉన్నది రెండు లక్షలు. ఇంతవరకు చూసినవి మూడు. 2014 ఆల్టో 800, 62 వేలు తిరిగింది, 1.90 అంటున్నారు. 2012 ఐ10 (1.1), 48 వేలు, పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో ఉంది, 1.65. 2011 స్విఫ్ట్ డీజిల్, లక్షా ముప్ఫై రెండు వేలు తిరిగింది, 1.80. "ఇంజను ఓపెన్ చేయని బండి మేడం" అన్నాడు ఓనరు.

డ్రైవింగ్ వచ్చు, లైసెన్సుంది. కారు గురించి నాకున్న జ్ఞానం పెట్రోలు మూత ఏ పక్కనుందో చూసుకోవడం వరకే. ఏది తీసుకోమంటారు?


క్లచ్ ప్లేటు
9 నవంబరు, రాత్రి 10:20

రోజుకి 90 అంటే కళ్లు మూసుకుని స్విఫ్ట్ డీజిలే. ఆ 1.3 ఇంజను ఫియట్ వాళ్లది. మూడు లక్షల కిలోమీటర్లు దాటి కూడా గుర్రాల్లా పరిగెత్తేవి చూశాను. లీటరుకి 20 ఎక్కడికీ పోదు.


ఒంగోలు గిత్త
9 నవంబరు, రాత్రి 10:31

నానో కొనండి మేడం. మిగిలిన లక్షా బ్యాంకులో వేసుకోండి. 😀


ఆటోనగర్ బాబాయ్
10 నవంబరు, ఉదయం 6:15

గిత్తా, నడుం నొప్పి మనిషికి పన్నెండంగుళాల చక్రాల బండి చెబుతావా? పైగా నానో తయారీ ఆగిపోయి ఏడేళ్లు.

అమ్మా, మూడు బండ్లూ పక్కన పెట్టి ముందు ఒక పని చేయండి. ఏ కారులోనైనా ఎక్కి దిగి చూడండి, ఒక్కసారి కాదు, నాలుగుసార్లు. ఆల్టో సీటు కింద ఉంటుంది. కూర్చునేటప్పుడు దబ్బున పడతారు, లేచేటప్పుడు నడుం మీద లేస్తారు. రోజుకి నాలుగుసార్లు ఆ పనే. శాంట్రో, వ్యాగనార్ లాంటి ఎత్తు బండ్లలో కుర్చీలో కూర్చున్నట్టు పక్కకి జరిగి కూర్చోవచ్చు. మా షెడ్డుకి వచ్చే పెద్దవాళ్లు చాలామంది వ్యాగనార్ వదలరు, కారణం మైలేజీ కాదు, ఇదే.

క్లచ్చు కూడా తొక్కి చూడండి. పాత బండ్లలో క్లచ్చు గట్టిపడితే ఎడమ కాలు, దాంతోపాటు నడుం.


లెక్కల మాస్టారు
10 నవంబరు, ఉదయం 7:40

డీజిల్ అన్న తమ్ముడికి ఒక లెక్క. రోజుకి 90, నెలకి 24 రోజులు, పది నెలలు: 21,600 కిలోమీటర్లు. వ్యాగనార్ తరహా పెట్రోలు బండి 17 ఇస్తుందనుకుంటే 1,270 లీటర్లు. లీటరు 110 చొప్పున 1,39,700. డీజిల్ 20 ఇస్తే 1,080 లీటర్లు, 98 చొప్పున 1,05,840. పది నెలలకి మిగిలేది దాదాపు 34 వేలు.

లక్షా ముప్ఫై వేలు తిరిగిన డీజిల్లో ఇంజెక్టర్లకో టర్బోకో ఒక్కసారి పనిబడితే ఆ 34 వేలూ ఆ వారంలోనే వెళ్లిపోతాయి. పడకపోవచ్చు. కానీ మేడం గారికి పందెం కాసే ఓపిక ఉన్నట్టు లేదు.

ఇంకో సంగతి ఎవరూ అనలేదు. అది 2011 బండి. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఏ నెలలో రిజిస్టరైందో చూడండి. వచ్చే ఏడాదే గడువు ముగుస్తుంది, సరిగ్గా మీరు అమ్మాలనుకునే సమయానికి అటూ ఇటూగా. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజే 5,000. గ్రీన్ ట్యాక్సు, ఇన్‌స్పెక్షన్, తిరుగుడు వేరే. ఆ ఓనరు ఇప్పుడెందుకు అమ్ముతున్నాడో దాంతోనే తెలుస్తోంది.


క్లచ్ ప్లేటు
10 నవంబరు, ఉదయం 8:05

సీ బుక్కు గడువు సంగతి నాకు తట్టలేదు మాస్టారూ, ఒప్పుకుంటున్నా. ఇంజను మంచిదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.


మామిడి తోట
10 నవంబరు, మధ్యాహ్నం 1:12

మాది నూజివీడే. రోజూ విజయవాడ వచ్చిపోతుంటాను, మీకు ఎదురుగా అన్నమాట. ఆగిరిపల్లి మీదుగా వెళ్లడమే మంచిది. హనుమాన్ జంక్షన్ మీదుగా తిరిగితే దూరం ఎక్కువ, పొట్టిపాడు టోలు కూడా. ఆ దారే కావాలంటే 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది, మొదటి ధర 3,000కి 200 ట్రిప్పులు. కానీ పాసు బండి నంబరుకి కట్టుబడి ఉంటుంది, కారు అమ్మేస్తే అంతే.

ఏసీ బాగా చూసుకోండి. ఇప్పుడు నవంబరు కాబట్టి ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది. మే నెలలో మామిడి లారీల వెనక పది కిలోమీటర్లు పాకేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. మిట్ట మధ్యాహ్నం ఎండలో బండి ఆపి, ఇంజను ఆన్‌లోనే ఉంచి, ఇరవై నిమిషాలు ఏసీ వేసి కూర్చోండి. టెంపరేచర్ ముల్లు కదలకూడదు, గాలి వెచ్చబడకూడదు.


హైటెక్ సిటీ బాధితుడు
10 నవంబరు, సాయంత్రం 4:48

హైదరాబాద్ వచ్చి చూడండి, ఇదే డబ్బుకి ఇంకా కొత్త బండ్లు దొరుకుతాయి. ఢిల్లీ బండ్లు దిగుతున్నాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లకి కష్టం కాబట్టి గడువు దగ్గరపడ్డవి చవగ్గా వదిలించుకుంటున్నారు.


ఆటోనగర్ బాబాయ్
10 నవంబరు, సాయంత్రం 5:30

చవగ్గానే దొరుకుతాయి. ఆ తర్వాత అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం), అంటే ఫారం 28. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు. మళ్లీ నంబరు మార్పిడి. రెండేసి నెలలు తిరిగినవాళ్లు నాకు తెలుసు. ఈ తల్లికి ఉన్నదే పది నెలలు, అందులో రెండు ఆర్టీవో ఆఫీసుకి రాసిద్దామా? ఆంధ్రా నంబరు బండి, కృష్ణా జిల్లా రిజిస్ట్రేషన్ అయితే మరీ మంచిది. రేపు ఆగస్టులో కొనేవాడు కూడా ఇక్కడివాడే.


పాత బీటు
10 నవంబరు, రాత్రి 8:02

నా షెవర్లే బీట్ ఉంది, 70 వేలకి ఇచ్చేస్తా. అడిగారు కదా చవగ్గా.


లెక్కల మాస్టారు
10 నవంబరు, రాత్రి 8:09

ఆ కంపెనీ 2017 చివర మన దేశంలో అమ్మకాలు ఆపేసింది బాబూ. అద్దం పగిలితే మేడం గారు క్లాసు మానేసి గుజరీ షాపుల్లో వెతుక్కోవాలి. ధర తక్కువైందంటే మళ్లీ అమ్మేటప్పుడు ఇంకా తక్కువౌతుందన్న మాటే.


సింగ్‌నగర్ వాసి
10 నవంబరు, రాత్రి 11:17

అక్కా, ఆ ఐ10 ఎక్కడి బండో ముందు కనుక్కోండి. 2012 బండి, 48 వేలే తిరిగింది, 1.65కే ఇస్తున్నారంటే నాకు అనుమానం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద మా వీధిలోకి వచ్చింది. మా కారు పైకప్పు మాత్రమే కనబడేది. నీళ్లు తీశాక ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ అని రాసి డబ్బులిచ్చారు, బండి తీసుకెళ్లారు. అదేం తుక్కులోకి పోలేదు. వేలంలో ఎవరో కొన్నారు, సీట్లు మార్చారు, కార్పెట్ మార్చారు, రంగేశారు. ఆర్నెల్ల తర్వాత మా నంబరు బండిని బందరు రోడ్డు మీద నేనే చూశాను. మావారు నమ్మలేదు, ఫోటో తీసి చూపించా.

మా చుట్టుపక్కల పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీల్లో ఆ వారం మునిగిన బండ్లు ఎన్నో. అన్నీ ఎక్కడికో ఒకచోటికి వెళ్లాయి కదా. ఇంజను బాగు చేసుకోవచ్చు. వైరింగ్ మాత్రం లోపల్లోపల పచ్చగా చిలుం పట్టి, ఏడాది తర్వాత ఒక్కొక్కటే ఆగిపోతుంది. ఒకరోజు హారన్, ఇంకోరోజు లైట్లు, మరోరోజు సెల్ఫే తీసుకోదు.


ఆటోనగర్ బాబాయ్
11 నవంబరు, ఉదయం 6:02

సింగ్‌నగర్ అమ్మాయి చెప్పింది అక్షరం పొల్లు పోలేదు. మునిగిన బండిని పట్టుకోవడం ఇలా. డ్రైవరు సీటు బెల్టు చివరంటా లాగండి. బెల్టు చుట్టుకునే చక్రం కింద, తలుపు పక్క స్తంభంలో ఉంటుంది. కడిగేవాడు కంటికి కనబడే ముక్కే కడుగుతాడు. డిక్కీలో స్టెప్నీ లేపి గుంట చూడండి. సీటు ముందుకీ వెనక్కీ జరిపి పట్టాల బోల్టులు చూడండి. సెంటు వాసన గుప్పుమంటే అద్దాలు మూసి ఏసీ వేయండి, అసలు వాసన అప్పుడొస్తుంది.

పొద్దున్నే వెళ్లండి, చెప్పకుండా వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను సెల్ఫ్ కొట్టినప్పుడు వెనక ఒక మనిషి నిలబడి పొగ చూడాలి. నీలి పొగ వస్తే ఇంజను అరిగి బోరుకి వచ్చినట్టు. తెల్ల పొగ పది నిమిషాలైనా ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. ఆయిల్ మూత తీస్తే లోపల మజ్జిగలాంటిది కనబడితే ఇంకేం అడక్కుండా నమస్కారం పెట్టి వచ్చేయండి.


పటమట పంతులమ్మ
15 నవంబరు, సాయంత్రం 6:40

ఇవాళ పొద్దున ఏడింటికి ఐ10 చూడ్డానికి వెళ్లాం, నేనూ మా తమ్ముడూ. కన్సల్టెన్సీ పేరు రాయను.

బండి అద్దంలా ఉంది. లోపల మల్లెపూల సెంటు, డాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి, సీట్లకి కొత్త కవర్లు. బానెట్ వెచ్చగా ఉంది. "పార్కింగ్ మార్చాం మేడం" అన్నాడు కుర్రాడు.

సీటు బెల్టు లాగాను. మామూలుగా పెట్టుకునే పొడవంతా శుభ్రంగా ఉంది. ఇంకా లాగాను. చివర జానెడు ముక్క రంగు మారింది, దాని మీద అడ్డంగా గోధుమ రంగు గీత. గోరుతో గీకితే సన్నటి బంకమట్టి, ఎండిపోయింది, పొడిగా నా ఒళ్లో రాలింది. కుర్రాడు చూసి, "వానలో అద్దం దించి ఉంచారేమో మేడం" అన్నాడు. అద్దంలోంచి పడిన వాన అంత కిందికి మట్టి ఎలా తెచ్చిందని అడిగితే, ఓనరుకి ఫోన్ చేస్తానని బయటికి వెళ్లి మళ్లీ రాలేదు. అప్పటికి మా తమ్ముడు డిక్కీలో స్టెప్నీ తీశాడు. గుంట మొత్తం కొత్త నల్లరంగు, బోల్టు చుట్టూ మాత్రం తుప్పు పొక్కు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే ఎందుకో ఏడుపొచ్చింది. ఆ మట్టి ఎవరింటిదో.

ఆల్టో అమ్ముడుపోయిందట. స్విఫ్ట్ సీ బుక్కు చూశాను, మాస్టారు అన్నట్టే 2026 జూలైలో గడువు. మళ్లీ మొదటికొచ్చాను.


సింగ్‌నగర్ వాసి
15 నవంబరు, రాత్రి 7:15

అక్కా ❤️


క్లచ్ ప్లేటు
15 నవంబరు, రాత్రి 8:30

మేడం, క్లచ్చు బాధే లేకుండా గేర్లు వాటంతటవే పడే బండి చూడొచ్చుగా? 2014లో వచ్చిన సెలెరియో ఏఎంటీ, ఆ తర్వాత ఆల్టో కే10లో కూడా ఇచ్చారు. ఎడమ కాలికి పనుండదు.


ఆటోనగర్ బాబాయ్
16 నవంబరు, ఉదయం 6:20

మంచి మాటే తమ్ముడూ, కానీ రెండు లక్షల్లోపు దొరికే ఏఎంటీ అంటే ఎవరో వదిలించుకుంటున్నదే. గేర్లు మార్చే యాక్చువేటర్ పోతే మామూలు షెడ్డులో అయ్యే పని కాదు, బండి ఉన్నచోటే ఉండిపోతుంది. కొత్త బండిలో అయితే నేనూ అదే చెబుతా.


గుడివాడ అత్తయ్య
16 నవంబరు, ఉదయం 9:05

పంతులమ్మా, కన్సల్టెన్సీల చుట్టూ తిరగడం మానెయ్యి. మీ చుట్టుపక్కల నాలుగు అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లని అడుగు. ఏ కారు కవరు కప్పుకుని ఎన్నాళ్లుగా కదల్లేదో వాళ్లకే తెలుసు. పిల్లలు అమెరికాలో, ఇంటాయనకి కాటరాక్టు, కారు కింద. పటమటలో అలాంటివి వీధికి రెండుంటాయి. మా ఆయన బండి మేం అలాగే అమ్మాం, మంచి మనిషికి ఇస్తే చాలనుకున్నాం.


లెక్కల మాస్టారు
16 నవంబరు, ఉదయం 9:30

అత్తయ్య గారి మాట మీద సంతకం పెడతాను. మనిషి నుంచి మనిషి కొంటే జీఎస్టీ గొడవా ఉండదు. రిజిస్టరైన డీలరైతే 2025 నుంచి తన మార్జిన్ మీద 18 శాతం కట్టాలి, అది ఏ రూపంలోనో మన మీదే పడుతుంది.

ఇంజను 1,000 సీసీ లోపుదైతే ఇంకో లాభం. 2022 జూన్ నుంచి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ప్రీమియం 1,000 సీసీ దాకా 2,094, దాటితే 3,416. వ్యాగనార్ కే10 ఇంజను 998 సీసీ, ఆ ఐ10 అయితే 1,086. ఆ 88 సీసీలకి ఏటా 1,322 రూపాయలు, ట్యాక్సు కాకుండా.


పటమట పంతులమ్మ
21 నవంబరు, రాత్రి 9:10

అత్తయ్య గారూ, మా వెనక వీధి వాచ్‌మన్ వీరయ్యకి (అసలు పేరు కాదు) స్వీట్ల డబ్బా బాకీ పడ్డాను.

2013 వ్యాగనార్ వీఎక్స్‌ఐ. రిటైరైన బ్యాంకు మేనేజరు గారిది, ఒకే ఓనరు. 41 వేలు తిరిగింది. కంపెనీ సర్వీసు బిల్లులన్నీ ఫైల్లో వరసగా కట్టి ఉన్నాయి, ఆయన సంతకంతో సహా. చివరి బిల్లు 2023 మార్చిలో, 40,200 దగ్గర. ఆ తర్వాత ఆయన మోకాళ్ల ఆపరేషను, బండి కవరు కింద. 2.10 అంటున్నారు.

ఈసారి బాబాయ్ చెప్పినవన్నీ చూశాను. బెల్టు చివరంటా శుభ్రం. ఆయిల్ నల్లగా ఉంది గానీ మజ్జిగ లేదు. కూర్చోవడం, లేవడం ఆరుసార్లు చేశాను, ఆవిడ కాఫీ తెచ్చి ఇదేం వ్యాయామం అనడిగారు. టైర్ల గీతలు కొత్తవాటిలా ఉన్నాయి, టైర్ల ఖర్చు కూడా ఉండదు. తీసుకోమంటారా?


ఆటోనగర్ బాబాయ్
22 నవంబరు, ఉదయం 6:00

ఆగండి. టైరు పక్క గోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. అవి ఏమిటో రాయండి.


పటమట పంతులమ్మ
22 నవంబరు, ఉదయం 8:25

2213. నాలుగింటికీ దగ్గర దగ్గరగా అవే అంకెలు. స్టెప్నీకి కూడా.


ఆటోనగర్ బాబాయ్
22 నవంబరు, ఉదయం 8:31

2013లో 22వ వారం. బండితో వచ్చిన టైర్లు. పన్నెండేళ్లు దాటాయి. గీతలుంటే ఏం లాభం, రబ్బరు చెక్కయిపోయింది. పక్కన వంచి చూస్తే వెంట్రుకవాసి పగుళ్లు కనబడతాయి. ఎండల్లో హైవే మీద ఎనభైలో ఒకటి పేలితే బండి మన మాట వినదు. నాలుగూ మార్చాల్సిందే, ఆ లెక్క ధరలో తగ్గించుకోండి.

రెండున్నరేళ్లు నిలబడ్డ బండి కాబట్టి బ్యాటరీ పోయినట్టే అనుకోండి. బానెట్ కింద ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడాలి. బ్రేకులు పట్టేసి ఉండొచ్చు. కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఇంజనాయిల్ అన్నీ కొత్తవి. ఇంజను సంగతి చూస్తే కే10కి టైమింగ్ చైను, శాంట్రోలా బెల్టు తెగి వాల్వులు వంగే భయం లేదు. ఆదివారం పొద్దున ఆటోనగర్ తీసుకురండి, లిఫ్ట్ మీద పెట్టి కింద చూస్తాను. చూసిన కూలి ఇవ్వండి చాలు.


పటమట పంతులమ్మ
23 నవంబరు, రాత్రి 8:00

బాబాయ్ గారు కూలి తీసుకోలేదు, టీ కూడా ఆయనే ఇప్పించారు. లిఫ్ట్ మీద పెట్టి అరగంట చూశారు. ముందు వైపు సస్పెన్షన్ బుష్ ఒకటి కొట్టుకుంటోంది, ఆగస్టు దాకా పర్వాలేదన్నారు. ఎలుకలు ఒక వైరు కొరికిన మాట నిజం. టైర్ల అంకెలు చూపించి, బ్యాటరీ చూపించి అడిగితే మేనేజరు గారు చాలాసేపు ఆలోచించి 1.75కి ఒప్పుకున్నారు. "బ్యాంకులో ఉన్నప్పుడు నేను ఇంత గట్టిగా ఎవరినీ అడగలేదమ్మా" అన్నారు.


లెక్కల మాస్టారు
23 నవంబరు, రాత్రి 8:45

శుభం. డబ్బిచ్చే ముందు కాగితాలు. లోన్ తీరినా సీ బుక్కులో హెచ్‌పీ (బ్యాంకు తాకట్టు రాత) అలాగే ఉండిపోయిన బండ్లు బోలెడు. ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 ఆయన చేతనే పెట్టించండి. ఫారం 29, 30 మీద సంతకాలు ఒకేరోజు. బండి నంబరు కొట్టి ఈ-చలాన్లు చూసుకోండి, ఆయన నడపకపోయినా మనవళ్లు నడిపి ఉండొచ్చు.

ఇన్సూరెన్సు సంగతి చాలామందికి తెలీదు. నో క్లెయిమ్ బోనస్ మనిషిదే గానీ బండిది కాదు, అది ఆయనతోనే పోతుంది. పాత పాలసీ ఉంటే 14 రోజుల్లో మీ పేరుకి మార్పించాలి. థర్డ్ పార్టీ దానంతటదే వర్తిస్తుంది, మీ బండికి దెబ్బ తగిలితే మాత్రం పేరు మారకుండా పైసా రాదు.

ఇది ఆగస్టులో కూడా గుర్తుంచుకోండి, అప్పుడు మీరు అమ్మేవైపు ఉంటారు. బండి ఇచ్చేసి బెంగళూరు వెళ్లిపోయి, కొన్నవాడు పేరు మార్చుకోకుండా ఎవరినైనా గుద్దితే, రిజిస్టర్లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పేరు మారాకే సామాను సర్దుకోండి.


హైటెక్ సిటీ బాధితుడు
23 నవంబరు, రాత్రి 9:20

ఇంత చేసే బదులు నెలవారీ అద్దె కారు తీసుకోవచ్చు కదా. నేను నెలకి 19 వేలు కడుతున్నా, రిపేరు గొడవ లేదు.


లెక్కల మాస్టారు
23 నవంబరు, రాత్రి 9:34

పది నెలలకి 1.90 లక్షలు, చివర చేతిలో ఏమీ మిగలదు. నెలకి ఎన్ని కిలోమీటర్లని పరిమితి కూడా చూసుకో. ఆమెది నెలకి 2,160.


గుడివాడ అత్తయ్య
24 నవంబరు, ఉదయం 7:00

ఆ కారులో ఎయిర్‌బ్యాగులున్నాయా పంతులమ్మా? మా అబ్బాయి అడగమన్నాడు.


పటమట పంతులమ్మ
24 నవంబరు, ఉదయం 7:45

లేవు అత్తయ్యా. ఏబీఎస్ కూడా లేదు.


సింగ్‌నగర్ వాసి
24 నవంబరు, ఉదయం 8:10

ఈ ధరలో దొరికే చిన్న బండ్లలో ఎక్కువ వాటి పరిస్థితి అంతే అక్కా. డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ తప్పనిసరి అయిందే 2019లో. 2014లో కార్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన చిన్న కార్లని గోడకి కొట్టించి చూస్తే ఆల్టో 800, ఐ10, నానో, ఫిగో అన్నిటికీ పెద్దల భద్రతలో సున్నా స్టార్లు. చీకటి పడ్డాక లారీల వెనక ఓవర్‌టేక్ చేయకండి, పది నిమిషాలు ఆలస్యమైనా సరే. ఇది మాత్రం నేను గట్టిగా చెబుతా.


పటమట పంతులమ్మ
11 జనవరి 2026, ఉదయం 10:30

సంక్రాంతి సెలవులొచ్చాయి, తీరిగ్గా రాస్తున్నాను.

ఖర్చు లెక్క మాస్టారి కోసం. బండి 1,75,000. నాలుగు టైర్లు 14,400. బ్యాటరీ 4,200. ఆయిల్, కూలెంట్, ముందు బ్రేక్ ప్యాడ్లు, కూలి అంతా 5,300. ఎలుక కొరికిన వైరు 1,200. నేమ్ ట్రాన్స్‌ఫర్ ఏజెంటుతో కలిపి 3,500. థర్డ్ పార్టీ, నా పేర పర్సనల్ యాక్సిడెంట్ కవరుతో 2,900. మొత్తం 2,06,500. బడ్జెట్ దాటింది. మా తమ్ముడి దగ్గర ఏడు వేలు అప్పు.

చలాన్లు రెండుంటే మేనేజరు గారే కట్టేశారు. మాస్టారు అన్నట్టే మనవడివి.

నెలన్నరలో 3,100 కిలోమీటర్లు తిరిగాను. ట్యాంకు నిండా కొట్టించి లెక్కేస్తే 16.4 వస్తోంది. ఒక్కసారి మొరాయించింది, ఆగిరిపల్లి దాటాక, పొగమంచులో. టెయిల్ లైటు ఫ్యూజు. పదిహేను రూపాయలు. నడుం ఇంకా నొప్పే, కానీ సాయంత్రం ఇంటికొచ్చి వంట చేసుకోగలుగుతున్నా.


క్లచ్ ప్లేటు
11 జనవరి, ఉదయం 11:02

16.4 తక్కువే. ఇథనాల్ పెట్రోలు పుణ్యం. 2023కి ముందు బండ్లన్నీ తాగలేక తాగుతున్నాయి.


లెక్కల మాస్టారు
11 జనవరి, ఉదయం 11:20

కొంత నిజమే. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కోసం చేయని బండ్లలో మైలేజీ 3 నుంచి 6 శాతం తగ్గొచ్చని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో ఒప్పుకుంది. కానీ 17కి 16.4 అంటే అంతే కదా. నా లెక్క పెద్దగా తప్పలేదు.

ఆగస్టులో 1.55కి పోయిందనుకుందాం. పోయేది 51,500, నెలకి 5,150. పెట్రోలు నెలకి పద్నాలుగు వేల పైచిలుకు. కారు కంటే పెట్రోలే మిమ్మల్ని ఎక్కువ తినేది.


ఆటోనగర్ బాబాయ్
11 జనవరి, మధ్యాహ్నం 12:15

అమ్మా, వైపర్ రబ్బర్లు మార్చారా? మంచుకి అద్దం గీకుతుంటుంది. రెండొందలు, మీరే వేసుకోవచ్చు. ఏప్రిల్లో ఏసీ గ్యాస్ ఒకసారి చూపించండి, మే దాకా ఆగొద్దు.


మామిడి తోట
11 జనవరి, మధ్యాహ్నం 2:40

మేడం, తెల్ల వ్యాగనార్, వెనక అద్దానికి ఫిజిక్స్ ఫార్ములా స్టిక్కరు, మీదేనా? ఆగిరిపల్లి దగ్గర రోజూ ఎదురవుతోంది. మా చెల్లెలికి డీఎడ్ కాలేజీకి బండి కావాలి. ఆగస్టులో అమ్మేటప్పుడు ముందు నాకు చెప్పండి.


పటమట పంతులమ్మ
11 జనవరి, మధ్యాహ్నం 3:05

నాదేనండీ. మా కాలేజీ ల్యాబ్ అసిస్టెంటు, వాచ్‌మన్ బావమరిది, మా తమ్ముడు ఇప్పటికే అడిగారు. మీది నాలుగో నంబరు. మా తమ్ముడు ఏడు వేలు మినహాయించుకుంటానంటున్నాడు కాబట్టి మీరు మూడోవారే అనుకోండి.